పీడనం సున్నాకు దిగినా పోని ప్రమాదం: పారిశ్రామిక హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల నిర్వహణ

ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైట్ ఘనమీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది. అంటే 7 ఘనమీటర్ల దిమ్మ 20 టన్నులు దాటుతుంది. దాన్ని 10 మీటర్ల ఎత్తుకు లేపి ఆపితే అందులో నిలవ ఉండే శక్తి దాదాపు 20 లక్షల జౌళ్లు. మోటారు ఆగిన తరువాత ఆ శక్తిని పట్టి నిలపవలసింది బ్రేకే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవులోనూ, దానికి దగ్గరలోని నేలటూరు శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్లా బొగ్గును దించి, బెల్టుల మీద నడిపి, యార్డులో కుప్ప పోసి, మళ్లీ తోడి బాయిలర్లకు పంపే యంత్రాల వరుస ఉంటుంది. ఈ కోవకు చెందిన భారీ యంత్రాలలో హాయిస్టుకు (బరువు ఎత్తే భాగానికి), బూముకు (ముందుకు చాచిన పొడవాటి చేతికి), కన్వేయరు డ్రైవుకు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు వాడడం సాధారణం. వీటి సర్వీసింగు అనగానే ప్యాడ్లు మార్చడం, నూనె మార్చడం గుర్తుకు వస్తాయి. వాటికంటే ముందు తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. గేజిలో పీడనం సున్నా చూపిస్తున్న సమయంలోనే ఈ బ్రేకు పూర్తి బలంతో పనిచేస్తూ ఉంటుంది.

కారు బ్రేకులో పెడలు తొక్కితే నూనె పీడనం పెరిగి ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి, పీడనం పోతే పట్టూ పోతుంది. భారాన్ని నిలిపే పారిశ్రామిక బ్రేకుల అమరిక చాలావరకు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. ప్యాడ్లను పట్టి ఉంచే భాగమైన కాలిపర్ లోపల గిన్నె ఆకారపు ఉక్కు స్ప్రింగు వాషర్లను దొంతరగా పేర్చి, ముందుగానే గట్టిగా నొక్కి బిగిస్తారు. డిస్కును పట్టుకునేది ఆ స్ప్రింగుల బలమే. యంత్రం కదలాలంటే పవర్‌ప్యాక్ (మోటారు, పంపు, నూనె ట్యాంకు కలిసిన యూనిట్) పంపు నూనెను తరచుగా 100 బార్లకు మించిన పీడనంతో కాలిపర్‌లోకి పంపాలి, అప్పుడు పిస్టన్ స్ప్రింగులను ఇంకా వెనక్కి నొక్కి ప్యాడ్లను డిస్కు నుంచి ఎడంగా జరుపుతుంది. కరెంటు పోయినా, హోసు పగిలినా, కరెంటుతో పనిచేసే సోలినాయిడ్ వాల్వుకు సరఫరా ఆగినా పీడనం పడిపోయి స్ప్రింగులు బ్రేకు వేసేస్తాయి. ఫెయిల్‌సేఫ్ అన్న పేరు దీనికి అందుకే వచ్చింది.

ఆ పేరు మీద ఉన్న నమ్మకం న్యాయమైనదే, అయితే దానికి హద్దులు ఉన్నాయి. కరెంటు పోవడం, పీడనం పోవడం అనే రెండు వైఫల్యాల నుంచి మాత్రమే ఈ అమరిక కాపాడుతుంది. డిస్కు మీద నూనె చిందినా, ప్యాడ్లు అరిగినా, స్ప్రింగు విరిగినా, నూనె ట్యాంకుకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయినా బ్రేకు వేసినట్టే కనిపిస్తుంది గాని భారాన్ని నిలపదు. నిర్వహణ అంతా ఈ రెండో జాబితా చుట్టూ తిరగాలి. మరమ్మతు చేసే మనిషి ప్రాణానికి సంబంధించిన లెక్క మరొకటి ఉంది, మొదట దాన్నే చూడాలి.

ఏ హైడ్రాలిక్ యంత్రం మీద పనిచేసే ఫిట్టరుకైనా మొదట నేర్పేది పంపు ఆపి, పీడనం వదిలి, గేజి సున్నా అయ్యాక స్పానర్ పట్టుకోవాలని. ఇక్కడ కూడా అది తప్పనిసరే, కాని దానితో పని సగం కూడా పూర్తి కాదు. పీడనం సున్నా అయిన క్షణాన భారమంతా కాలిపర్ మీద ఉంటుంది. ఆ స్థితిలో కాలిపర్ బోల్టులు విప్పితే డ్రమ్ము తిరిగి భారం కిందికి జారుతుంది. అందుచేత బ్రేకును ముట్టుకునే ముందు ఆ బరువును వేరే ఆధారం మీదికి మార్చాలి. క్రేను అయితే దిమ్మను నేల మీద దించి, కొక్కెం ఖాళీ చేసి, తాడు వదులు చేయాలి. బూము అయితే దాని విశ్రాంతి స్టాండు మీద పెట్టి పిన్ను వేయాలి. ఏటవాలు కన్వేయరు విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే బెల్టు ఆగి ఉన్నప్పుడు చూపుకు ఏ ప్రమాదమూ కనబడదు. బెల్టు మీద మిగిలిన బొగ్గు దాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది, టేకప్ దిమ్మ బరువు వల్ల బెల్టులో బిగువు నిలిచే ఉంటుంది. వీలైతే బెల్టును ఖాళీ చేసి ఆపాలి. అలా కుదరనప్పుడు బెల్టును క్లాంపులతో ఫ్రేముకు బిగించాలి. బెల్టు వెనక్కి తిరగకుండా ఆపే హోల్డ్‌బ్యాక్ ఉంది కదా అని దాన్ని మాత్రమే నమ్మి బ్రేకు విప్పకూడదు.

భారం తప్పించిన తరువాత కూడా కాలిపర్ లోపలి స్ప్రింగులలో శక్తి అలాగే ఉంటుంది. ప్యాడ్లు మార్చడానికైనా, సీళ్లు మార్చడానికైనా తయారీదారు చెప్పిన పద్ధతిలో స్ప్రింగులను బంధించాలి లేదా క్రమంగా వదులు చేయాలి. చాలా మోడళ్లలో ఇందుకు లాకు బోల్టులో, లాకు నట్టో ఉంటాయి. పంపుతో బ్రేకు తెరిచి (అంటే ప్యాడ్లను డిస్కు నుంచి విడదీసి), పిస్టన్ వెనక్కి జరిగిన స్థితిలో ఆ లాకును బిగిస్తే, తరువాత పీడనం వదిలినా స్ప్రింగు ముందుకు రాదు. ఇంకొన్ని మోడళ్లలో వెనక మూతకు ఉన్న పొడవాటి బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పుతూ స్ప్రింగు పూర్తిగా సాగేదాకా వదలాలి. ఏ మోడల్‌కు ఏ పద్ధతి అన్నది మాన్యువల్ చూసే తేల్చుకోవాలి, ఒక కంపెనీ కాలిపర్ మీద వచ్చిన అనుభవాన్ని మరో కంపెనీ కాలిపర్‌కు అన్వయించడం ఇక్కడ చెల్లదు. వెనక మూత బోల్టులను మామూలు కవరు బోల్టులనుకుని ఒక్కసారిగా విప్పితే టన్నుల బలంతో మూత ఎగిరి వస్తుంది. కాలిపర్‌కు ఎదురుగా నిలబడకుండా పక్క నుంచి పనిచేయాలనే నియమం ఇందుకే. లాకు బిగించిన బ్రేకు భారాన్ని పట్టదు కాబట్టి, పని ముగిసే దాకా ఆ సంగతి తెలిపే ట్యాగు కాలిపర్ మీదా, ఆపరేటర్ క్యాబిన్‌లోనూ వేలాడాలి.

పవర్‌ప్యాక్‌లో అక్యుమ్యులేటర్ (నైట్రోజన్ ఒత్తిడితో నూనెను నిలవ ఉంచే పాత్ర) ఉంటే మోటారు ఆపిన తరువాత కూడా దానిలోని నైట్రోజన్ నూనెను నెడుతూనే ఉంటుంది. డ్రెయిన్ వాల్వు తెరిచి నూనె వైపు పీడనం పోయిందని గేజిలో చూసుకోవాలి. అప్పటికీ లోపలి రబ్బరు సంచి అయిన బ్లాడరులో నైట్రోజన్ మిగిలే ఉంటుంది గనుక అక్యుమ్యులేటర్‌ను విప్పే పని వేరు, దానికి వేరే సామగ్రి, వేరే శిక్షణ కావాలి. దాన్ని నైట్రోజన్‌తో తప్ప మరే వాయువుతోనూ నింపకూడదు. వెల్డింగు విభాగం నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి కలిపితే నూనెతో కలిసి పేలుతుంది.

హోసులో సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనెను చేత్తో తడిమి వెతకడం మరో ప్రాణాంతకమైన అలవాటు. ఆ పీడనంలో నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, కాని లోపల కండ కుళ్లడం మొదలై వేలో, చెయ్యో తీసేయవలసి రావచ్చు. లీకును అట్టముక్కతో వెతకాలి. గాయమైతే కట్టు కట్టి మరుసటి రోజు చూద్దామని ఊరుకోకుండా, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఒంట్లోకి హైడ్రాలిక్ నూనె ఎక్కిందన్న మాట డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఈ ఒక్క విషయం ప్రతి షిఫ్టులోనూ అందరికీ తెలిసి ఉండాలి.

కరెంటు సరఫరాకు తాళం వేసే పద్ధతి పెద్ద సంస్థలలో వర్క్ పర్మిటుతో పాటు అమలులో ఉంటుంది. చిన్న కటింగ్ యూనిట్లలో మాత్రం ఫ్యూజు పీకి జేబులో పెట్టుకోవడంతో సరిపెట్టే చోట్లు ఉంటాయి. పనిచేసే ప్రతి మనిషి తన తాళం తాను వేసుకుని, తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. గ్రానైట్ పనుల్లో ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు చాలామంది ఉన్నారు కాబట్టి ట్యాగు ఇంగ్లీషులో మాత్రమే ఉంటే దాని ప్రయోజనం సగం పోయినట్టే. తెలుగు, హిందీ, ఒడియా అక్షరాలలోనూ, చదువు రానివారికి అర్థమయ్యే బొమ్మతోనూ ట్యాగు అచ్చు వేయించడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇక బ్రేకు పట్టు తగ్గే కారణాలలో అన్నిటికంటే నెమ్మదిగా, కంటికి కనబడకుండా వచ్చేది ప్యాడ్ల అరుగుదల. కారు బ్రేకులో ప్యాడు అరిగినకొద్దీ పిస్టన్ ముందుకు జరిగి సర్దుకుంటుంది, నొక్కుడు బలం తగ్గదు. స్ప్రింగు బ్రేకులో అలా కాదు. ప్యాడు అరిగిన మేర స్ప్రింగు ఎక్కువగా సాగి డిస్కును చేరుకోవాలి, సాగిన స్ప్రింగు బలం తగ్గుతుంది. అందువల్ల ప్యాడు మందం ఇంకా చాలా మిగిలి ఉండగానే, సర్దుబాటు చేయకపోతే, బ్రేకు తన బలంలో చెప్పుకోదగ్గ భాగాన్ని పోగొట్టుకుంటుంది. ప్యాడు మందం ఒక్కటే కొలిచి బాగానే ఉందని రాయడం ఈ కారణంగా చాలదు. బ్రేకు తెరిచినప్పుడు ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఉండే ఖాళీని సన్నని రేకుల ఫీలర్ గేజితో రెండు వైపులా కొలవాలి. అది చాలా కాలిపర్లలో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఖాళీ పెరిగితే అడ్జస్టింగు నట్టుతో మళ్లీ సరిచేయాలి. కొలిచేటప్పుడు బ్రేకు తెరిచి ఉంటుంది గనుక భారం తప్పించే నియమం ఈ చిన్న పనికి కూడా వర్తిస్తుంది. ప్యాడు అరిగినట్టు సెన్సారు సిగ్నలు ఇచ్చి యంత్రం ఆగినప్పుడు, ఓడ వేచి ఉందనో ఆర్డరు ఆలస్యమవుతుందనో ఆ స్విచ్చిని బైపాస్ చేయడం ఎంత పెద్ద పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ సిగ్నలు ప్యాడు ఖరీదు గురించి వచ్చింది కాదు, స్ప్రింగు బలం తగ్గిందన్న హెచ్చరిక.

ప్యాడు మీద నూనె పడితే జరిగేది లెక్క వేసి చూడవచ్చు. ఉదాహరణకు ఒక్కో ప్యాడు నొక్కే బలం 50 కిలోన్యూటన్లు, ఘర్షణ గుణకం 0.4, డిస్కు కేంద్రం నుంచి ప్యాడు మధ్యభాగానికి దూరం 0.4 మీటర్లు అనుకుంటే రెండు ప్యాడ్లూ కలిసి ఇచ్చే టార్కు (డిస్కును తిరగకుండా ఆపే బలం) 16 కిలోన్యూటన్ మీటర్లు. నూనె వల్ల గుణకం 0.2కు పడిపోతే టార్కు 8కి దిగుతుంది. స్ప్రింగు అదే, పీడనం అదే, గేజిలో ఏ తేడా కనబడదు. గేర్‌బాక్స్ సీలు నుంచి కారే నూనె, వైర్‌రోపుకు పూసే గ్రీజు, కాలిపర్ సొంత సీలు లీకు, ఈ మూడూ సాధారణంగా కనిపించే మూలాలు. నూనె పీల్చిన ప్యాడును మంటపెట్టి కాల్చినా, పైపొర గీకినా లోపలి నూనె వేడికి మళ్లీ పైకి వస్తుంది. దాన్ని పారేసి కొత్తది వేయాలి, అంతకుముందు లీకు మూలాన్ని ఆపాలి. డిస్కును డీజిలు గుడ్డతోనో, కిరోసిన్‌తోనో తుడవడం మన వర్క్‌షాపుల్లో చేతికి అలవాటైన పని. ఆ రెండూ పలుచని జిడ్డుపొరను వదులుతాయి. పూర్తిగా ఆవిరైపోయే బ్రేకు క్లీనరు గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలు గాని వాడాలి, అవి మండే స్వభావం కలవి కాబట్టి డిస్కు చల్లారిన తరువాతే వాడాలి.

ఖర్చు తగ్గించే ఉద్దేశంతో అరిగిన ప్యాడ్ల ఉక్కు పలకలను లారీల మరమ్మతు షాపులకు పంపి, అక్కడ దొరికే లైనింగు అతికించి తెచ్చుకోవాలన్న ఆలోచన కొందరికి కలుగుతుంది. లారీ డ్రమ్ము లైనింగు తయారైన పీడనం, వేడి, వేగం వేరు. అతికించిన లైనింగు ఘర్షణ గుణకం ఎంతో చెప్పగల కాగితం ఏదీ ఆ షాపు నుంచి రాదు. గుణకం తక్కువైతే భారం జారుతుంది, మరీ ఎక్కువైతే కుదుపుకు గేర్లు, షాఫ్టులు, తాళ్లు దెబ్బతింటాయి. జిగురు వేడికి ఊడితే బ్రేకే లేనట్టు. ఈ పొదుపును ఏ పరిస్థితిలోనూ సమర్థించలేము. పాత నిల్వల్లోని ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం కూడా ఉంది గనుక, కాలిపర్‌లోని దుమ్మును కంప్రెసరు గాలితో ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి లేదా తగిన ఫిల్టరు ఉన్న వ్యాక్యూమ్‌తో తీయాలి.

నూనె ఎంపికలో జరిగే పొరపాటు ఒక్కరోజులో బయటపడదు. ఈ కాలిపర్లు ఎక్కువగా ఖనిజ హైడ్రాలిక్ నూనెతో, దానికి సరిపడే నైట్రైల్ రబ్బరు సీళ్లతో పనిచేస్తాయి. వాహనాలలో వాడే డాట్ 3, డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ గ్లైకాల్ రకానిది, దానికి ఈపీడీఎం సీళ్లు కావాలి. ఒకదానిలో మరొకటి పోస్తే సీళ్లు ఉబ్బి మెత్తబడి కొన్నాళ్లకు లీకవుతాయి, పిస్టన్ బిగుసుకుపోతుంది. పేరులో బ్రేకు అని ఉంది కదా అని బ్రేకు ఫ్లూయిడ్ పోసే పొరపాటు జరగకుండా ట్యాంకు మూత మీదే నూనె గ్రేడు పెయింటుతో రాసి ఉంచడం మంచిది.

మాన్యువల్‌లో రాసిన సర్వీసు వ్యవధి ఏదో ఒక సగటు వాతావరణానికి రాసినది. నెల్లూరు తీరం ఆ సగటుకు సరిపోదు. రోహిణి కార్తె ఎండల్లో ట్యాంకులోని నూనె పలుచబడి పంపులో లోపలి లీకు పెరుగుతుంది, సీళ్లు త్వరగా గట్టిపడతాయి. సముద్రపు ఉప్పుగాలికి డిస్కు కొద్దిరోజులు కదలకుండా ఉంటే తుప్పు పడుతుంది, పిస్టన్ క్రోమ్ పూతలో గుంటలు పడి అవి సీలును కోస్తాయి, స్ప్రింగు వాషర్ల మీది చిన్న తుప్పు గుంట నుంచే పగులు మొదలవుతుంది. చీమకుర్తి వైపు ఉప్పు బెడద తక్కువే గాని, కోత యంత్రాల దగ్గర నీటితో కలిసిన రాతిపొడి బురద పిస్టన్ అంచుల్లో చేరి గీతలు పెడుతుంది. ఇక్కడి పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, ఏటా చేసే పూర్తి సర్వీసును సెప్టెంబరు ముగిసేలోగా పూర్తిచేసి, ట్యాంకు లోపలికి గాలి పోయే బ్రీదరు ఫిల్టర్లు, కాలిపర్ రబ్బరు తొడుగులు కొత్తవి వేయడం సమంజసం. వానల తరువాత నూనె పాలలా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం, అప్పుడు పైపైన కొత్త నూనె కలపకుండా మొత్తం మార్చాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటిన ప్రాంతమిది. రేవు క్రేన్లను పట్టాలకు పట్టి ఉంచే రైలు క్లాంపులలో చాలావాటిది ఇదే స్ప్రింగు సూత్రం, తుపాను హెచ్చరిక వచ్చాక వాటిని తనిఖీ చేయడానికి వ్యవధి ఉండదు. గాలి మరీ బలంగా వీచేటప్పుడు క్లాంపులు ఒక్కటే చాలవు, యాంకరు పిన్నులు, క్రేనును నేలకు కట్టే టైడౌన్‌లు కూడా వేయాలి.

పవర్‌ప్యాక్‌లో తరచు విస్మరణకు గురయ్యేది నూనె వెనక్కి వచ్చే దారి. రిటర్న్ ఫిల్టరు మూసుకుపోయినా, హోసు లోపలి పొర ఊడి అడ్డుపడినా, సోలినాయిడ్ వాల్వు లోపల జరిగే స్పూలు మురికికి బిగుసుకున్నా, కాలిపర్‌లో కొంత పీడనం మిగిలి స్ప్రింగుకు ఎదురు నిలుస్తుంది. అప్పుడు బ్రేకు ఆలస్యంగా పడుతుంది లేదా సగం బలంతో పడుతుంది. ఇది ట్యాంకు దగ్గరి గేజిలో తెలియదు, కాలిపర్ దగ్గర గేజి పెట్టి చూడాలి. ఆపమని సిగ్నలు ఇచ్చిన క్షణం నుంచి ప్యాడు డిస్కును తాకే వరకు పట్టే కాలాన్ని కూడా కొలిచి, మొదటి రోజు విలువతో పోల్చాలి.

డిస్కు తనిఖీ తేలికైన పనే. మందం, డయల్ గేజితో వంకర, ఉపరితలం మీద పగుళ్లు చూడాలి. నీలిరంగు మచ్చలు కనిపిస్తే డిస్కు అతిగా వేడెక్కిందని అర్థం, వేడికి కారణం తెలిశాకే యంత్రాన్ని నడపాలి. వేగం రెట్టింపైతే బ్రేకు మింగవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది కాబట్టి, క్రేనుతో భారాన్ని అనుమతించిన వేగానికి మించి దించడం ఆ కారణం కావచ్చు.

తిరిగి బిగించేటప్పుడు బోల్టులకు మాన్యువల్ చెప్పిన టార్కును క్యాలిబ్రేషన్ ఉన్న రెంచితో ఇవ్వాలి, మరలకు నూనె పూయాలా వద్దా అన్నది కూడా మాన్యువల్ ప్రకారమే నడవాలి. లైనులోని గాలిని అన్నిటికంటే ఎత్తులో ఉన్న నిపుల్ నుంచి తక్కువ పీడనంలో పూర్తిగా తీసేయాలి. గాలి మిగిలితే ప్యాడ్లు ఆలస్యంగా విడిపోయి, అంతసేపూ డిస్కుకు రాసుకుంటూ వేడెక్కుతాయి, బ్రేకు పడడం కూడా ఆలస్యమవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, స్ప్రింగు లాకు తీశారా లేదా అన్నది ఇద్దరు వేరువేరుగా చూసి సంతకం చేయాలి. కొత్త ప్యాడ్లు డిస్కుతో పూర్తిగా కలిసిపోయే దాకా పూర్తి పట్టు రాదు, కాబట్టి తేలిక భారంతో, మధ్యమధ్య డిస్కు చల్లారనిస్తూ అనేకసార్లు ఆపి ఆపి నడపాలి. ఆ తరువాత భారాన్ని నేలకు అడుగు ఎత్తులో ఆపి, డిస్కుకూ కాలిపర్‌కూ కలిపి సుద్దతో గీత గీసి, కొంతసేపటికి ఆ గీత తప్పిందేమో చూడాలి.

2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను భారం ఎత్తే యంత్రాలను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హత గల వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్షింపజేయాలని నిర్దేశించింది. ఆ గడువు ఆఖరి హద్దు మాత్రమే, బొగ్గుధూళిలోనూ రాతిపొడిలోనూ పగలూ రాత్రీ తిరిగే యంత్రానికి ప్యాడ్ల ఖాళీని వారానికి ఒకసారైనా చూడవలసి ఉంటుంది. రిజిస్టరులో ప్యాడు మందం, ఖాళీ, డిస్కు మందం, బ్రేకు పడే కాలంతో పాటు రాయవలసిన అంకె మరొకటి ఉంది, అది చాలా రిజిస్టర్లలో కనబడదు. భారం తప్పించి, ప్యాడ్ల ఖాళీ సరిచేసిన తరువాత, చేతి పంపుతో పీడనాన్ని మెల్లగా పెంచుతూ పోతే ఒక దగ్గర ప్యాడు డిస్కును వదలడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో గేజి చూపే పీడనాన్ని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే స్ప్రింగు అప్పుడు ఇస్తున్న బలం వస్తుంది. యంత్రం బిగించిన రోజు ఆ అంకె ఎంతో రాసిపెట్టుకుని ఏటేటా పోల్చితే, కాలిపర్ విప్పనవసరం లేకుండానే లోపల స్ప్రింగులు అలసిపోతున్నాయా, వాటిలో ఏదైనా విరిగిందా అన్నది తెలుస్తుంది. అంకె మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠ విలువ కంటే తగ్గితే ఆ దొంతరను మొత్తంగా మార్చాలి, విరిగిన ఒక్క వాషరును మాత్రమే మార్చి మిగతా పాతవాటితో కలిపి బిగించకూడదు.